నడిచిన పెళ్లికొడుకు

(పదకొండో భాగం)

చాయ్ మీద మీగడ కట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

సూరత్ ఉధ్నాలో రవీంద్ర వాళ్ల ముందుగది అసలే చిన్నది. అందులో ఒక సోఫా, సోఫాలో ఒక సంఘం. సంఘమంటే తెలుగు సంఘం మొత్తం కాదు, అధ్యక్షుడు ధర్మారావు, కార్యదర్శి రాజనర్సు. కానీ ఇద్దరూ కూర్చున్న తీరు చూస్తే సూరత్‌లోని తెలుగువాళ్లంతా ఆ సోఫాలోనే ఇరుక్కున్నట్టుంది.

ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో నీరజ. గోడకు ఆనుకుని ఆమె భర్త రవీంద్ర. బ్యాంకు కౌంటరు వెనక కూర్చుని రోజంతా "తర్వాత" అని పిలిచే మనిషి కాబట్టి, ఇంట్లో కూడా తన వంతు తర్వాతెప్పుడో వస్తుందని నిలబడ్డాడు. వంటింటి గడప మీద అత్త ఎల్లవ్వ. ఆమె మాట్లాడితే పక్క గల్లీకి వినిపిస్తుంది. ఇప్పుడు మాట్లాడకపోవడం కూడా పక్క గల్లీకి వినిపిస్తోంది.

"రెండు మాటలమ్మా," అన్నాడు ధర్మారావు. "ఆదివారం సర్వసభ్య సమావేశంలో స్టేజీ ఎక్కి రెండే మాటలు. జరిగినదానికి చింతిస్తున్నాను అనండి. దిగిపోండి. అక్కడితో అయిపోతుంది."

ధర్మారావు రైల్వేలో చేసి రిటైరైనవాడు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని స్టేషన్ మైకులో ఏళ్ల తరబడి చెప్పించినవాడు. రైలెందుకు ఆలస్యమైందో చెప్పనక్కర్లేదు, తప్పెవరిదో తేల్చనక్కర్లేదు, ఆ రైలు ఇకముందైనా వేళకు రానక్కర్లేదు. చింతిస్తే చాలు. క్షమాపణ మీద ఆయనకున్న నమ్మకమంతా ప్లాట్‌ఫారం మీద పుట్టి పెరిగింది.

"దేనికి చింతించాలె సార్?" అంది నీరజ.

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు రాజనర్సు అందుకున్నాడు. నలభై మగ్గాల షెడ్డున్న మనిషి. మగ్గం అన్న మాటలో ముందు మగ ఉంది కాబట్టే లోకంలో గుడ్డ నేయబడుతోందని ఆయన నమ్మకం. పోయిన ఆదివారం వధూవరుల పరిచయ వేదిక మీద నీరజ ఏమేం చేసిందో, చేసినావిడకే మళ్లీ మొదట్నుంచీ వినిపించాడు.

ఏటా జరిగే వేదికే. తెర తీసేసరికి పెళ్లికొడుకులు స్టేజీ మీద కుర్చీల్లో కుదురుగా ఉంటారు. పేరు పిలిస్తే చెయ్యెత్తుతారు. పెళ్లికూతుళ్లు మాత్రం ఒక్కొక్కరే లోపల్నుంచి వచ్చి, ఈ చివర్నుంచి ఆ చివరకు నడిచి, నమస్కారం పెట్టి, వంట వచ్చో రాదో చెప్పి వెళ్లాలి. పిల్ల కాలు సక్రమంగా పడుతోందా లేదా కింద కూర్చున్నవాళ్లు చూసుకుంటారు. అమ్మాయిల నడక, అబ్బాయిల నడత, సంఘం చూసేవి ఇవి రెండు. కుర్చీలో కూర్చున్నవాడి నడత ఎలాగూ కనిపించదు కనుక చూసినట్టే లెక్క.

ఆరేళ్లుగా ఆ మైకు నీరజది. పోయిన ఆదివారం అమ్మాయిల వంతు అయ్యాక ఆమె మైకు కింద పెట్టలేదు. ఇప్పుడు వరులు కూడా లేచి, ఈ చివర్నుంచి ఆ చివరకు నడిచి, వంట సంగతి చెప్పి వెళ్తారు అంది. హాలు నవ్వింది. మొదటివాడు సినిమా హీరోలా నడిచి, వంట రాదు గానీ ఆర్డరు పెట్టడం వచ్చన్నాడు. హాలు ఇంకా నవ్వింది. రెండోవాడు సిగ్గుతో పరుగెత్తాడు. మూడోవాడు రాజ్‌కిరణ్. సుమన కొడుకు. నీరజకు సూరత్‌లో ప్రాణస్నేహితురాలంటే ఆ సుమనే.

రాజ్‌కిరణ్ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ ఈ చివర్నుంచి ఆ చివరకు నడిచాడు. నమస్కారం పెట్టాడు. వంట వచ్చన్నాడు. అప్పటికి హాల్లో నవ్వేవాళ్లెవరూ లేరు. సుమన వరసలు తోసుకుంటూ వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుని దించుకుపోయింది.

"ఆడోళ్లకు మంచి జరగాలని మాకు మాత్రం లేదా?" అన్నాడు రాజనర్సు. "కానీ మొగపిలగాన్ని అంగట్ల నిలవెడ్తవా టీచరమ్మా?"

"అంగడన్నది మీరే సార్," అంది నీరజ. "ఆడపిల్లలు నడిచినంత సేపు దాన్ని వేదిక అనే అన్నరు."

రాజనర్సు ధర్మారావు వైపు చూశాడు.

ధర్మారావు గొంతు మరింత మెత్తబడింది. మెత్తబడిన గొంతుతోనే అసలు సంగతి చెప్పాడు. సంఘం నడిపే బడిలో నీరజ తెలుగు టీచరు. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, దుకాణంలో గుజరాతీ మాట్లాడే పిల్లలకు అఆలు దిద్దించే మనిషి ఆమె. పిల్లలకు ఆమె అంటే ప్రాణమని ఆయనే ఒప్పుకున్నాడు. తొందరపడొద్దని కమిటీకి తానే నచ్చజెప్పానన్నాడు. ఆదివారం దాకా ఆగమన్నానన్నాడు. ఆదివారం తర్వాత సంగతి ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. క్షమాపణ అన్న మాట చివర పణం ఉంటుంది. ఆ పణం నీరజ ఉద్యోగమని గదిలో అందరికీ తెలిసిపోయింది.

ఎల్లవ్వ వచ్చి కప్పులు తీసుకుంది.

"చల్లగైనయ్. మళ్ల పెట్టాల్నా?"

పెద్దలిద్దరూ వద్దన్నారు.

"మంచిగైంది. పాలు లెవ్వు," అని లోపలికి పోయింది.

*

ఆ వారం నీరజ జీవితంలోంచి మనుషులు రాలిన తీరు చెప్పుకోవాలి.

సీమంతాలకు, ఓణీల ఫంక్షన్లకు, రిటైర్మెంటు సన్మానాలకు ఆమె గొంతు లేకపోతే ఉధ్నాలో మైకు పెట్టేవాళ్లు కాదు. వారం తిరిగేలోపు అందరికీ ఏదో ఒక అడ్డం వచ్చింది. ఒకరింట్లో ఫంక్షనే చిన్నగా చేస్తున్నారట. ఇంకొకరి ఇంట్లో మైకే వద్దనుకున్నారట. ఆ మైకు వద్దనుకున్నవాళ్ల ఫంక్షను పాటలు ఆ సాయంత్రం నీరజ వంటింట్లోకి బ్రహ్మాండంగా వినిపించాయి.

'మనవాళ్లు' అని ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులోంచి నీరజను తీసేశారు. దాంతో 'మన' పోయి 'వాళ్లు' మిగిలారు.

ఇదేదో ఒక్క వేదికతో వచ్చిన తంటా కాదు. బడిలో ఆడపిల్లలతో పాటు మగపిల్లల చేతికీ చీపురిచ్చింది ఆమే. సంఘం భోజనాల్లో వడ్డించే ఆడవాళ్లు ఆఖర్న ఎందుకు తినాలని అడిగి, తనకు తానే విస్తరి వేసుకుని మొదటి బంతిలో కూర్చుంది ఆమే. అప్పుడంతా మూతి తిప్పుకుని ఊరుకున్నారు. తిప్పిన మూతులన్నీ ఇప్పుడు ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

పోయినవాళ్లందర్నీ పోనిచ్చింది నీరజ. ఒక్క మనిషిని మాత్రం పోనివ్వలేక శనివారం బడి అయ్యాక ఆ గల్లీకి నడిచింది.

సుమన ఇంటి తలుపు తీసే ఉంది. నేల మీద చాప, చాప మీద చీరలు. సలాబత్‌పురా బట్టల బజారు సేఠ్‌ల దగ్గర్నుంచి వచ్చే చీరలకు మెరుపు రాళ్లు అంటించి తిరిగి పంపడం ఆ గల్లీలో ఆడవాళ్ల పని. ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒకరు ఈ చివర, ఒకరు ఆ చివర కూర్చుని చీరను సాగదీసి పట్టుకోవాలి. బిగువుగా ఉంటేనే రాయి కుదురుగా కూర్చుంటుంది. వదులైతే గమ్ము పారి మరక పడుతుంది.

ఒక చివర సుమన ఒళ్లో ఉంది. రెండో చివర కిటికీ ఊచకు ముడేసి ఉంది.

నీరజ ఆ ముడి దగ్గరే ఆగిపోయింది. ఇద్దరూ కొత్త కోడళ్లుగా ఈ గల్లీకి వచ్చిన ఏడాది నుంచి ఆ చివర ఆమెది. టీచరయ్యాక కూడా ఆదివారం మధ్యాహ్నాలు వచ్చి పట్టుకునేది. అత్తల సంగతులు, మొగుళ్ల సంగతులు, పిల్లల జ్వరాలు అన్నీ ఆ చీరల మీదుగానే అటూ ఇటూ నడిచాయి. ఊచ గట్టిదే, చీరను బాగానే పట్టుకుంది. ఊసులు మాత్రం చెప్పదు.

"కూసోమనవా?" అంది నీరజ.

సుమన తలెత్తలేదు. "మైకు తెచ్చుకున్నవా?"

నీరజ గడప పక్కన నేల మీదే కూర్చుంది. సుమన ఇంకో రాయి తీసి అంటించింది.

"పిలగాని కాలు సంగతి నాకెర్క లేదు సుమనా."

"ఎర్క కాకుంట జేసిన. చెప్తే నీ నోట్లె ఆగుతదా?"

"నా నోట్లె ఆగని గుట్టు ఏదన్న ఒక్కటి చెప్పు."

నీరజ నోరు పెద్దదే, కాదనలేం. అందులోంచి బయటికొచ్చేవన్నీ ఆమె అభిప్రాయాలు. ఇంకొకరి రహస్యం ఒక్కటి కూడా ఆ గుమ్మం దాటి ఎరగదు. ఆ సంగతి సుమన కన్నా బాగా తెలిసినవాళ్లు సూరత్‌లో లేరు.

అయినా సుమనకు ఆగిన కన్నీళ్లు మాటలై వచ్చేశాయి. రెండేళ్ల కింద కామ్‌రేజ్ ఊరి మగ్గాల షెడ్డులో నూలు చుట్టిన బీము జారి కొడుకు పాదం మీద పడ్డ సంగతి, వాడు కోర్సు చేయడానికి సిరిసిల్ల పోయాడని అందరికీ చెప్పి ఆస్పత్రిలో ఉంచిన సంగతి, ఆ తర్వాత కంప్యూటర్ మీద చీరల డిజైన్లు వేసే కూర్చుని చేసే పని వెతికిన సంగతి, చుట్టాలొస్తున్నారన్నా, ఆదివారం నీరజ వస్తోందన్నా వాళ్లు రాకముందే వాణ్ని కుర్చీలో కూర్చోబెట్టిన సంగతి. కాలు కనిపించకుండా కాలం వెళ్లదీసింది ఆ తల్లి.

"వేదికకు రానన్నడు వాడు. నేనే తోల్కపోయిన. మొగపిల్లలు కూసుంటరు బిడ్డా, నడుసుడు ఉండదు అని నెత్తి మీద చెయ్యి వెట్టి చెప్పిన. నువ్వేమొ లేపినవ్."

నీరజకు ఒక ప్రశ్న వచ్చింది. పిల్లకు ఎప్పుడు చెప్దామనుకున్నావని. పెళ్లయ్యాకనా అని. వచ్చిన ప్రశ్నను వచ్చినట్టే మింగింది. నీరజ నోటికి తలుపు లేదనేవాళ్లు ఆ క్షణంలో అక్కడ లేకపోయారు.

కానీ సుమన ఆ ప్రశ్నను ఆమె మొహంలో చదివేసింది. చదివి మండిపడింది.

"గట్ల సూడకు. ఆరేండ్లు ఆడపిల్లల్ని నడిపిచ్చింది నువ్వే గదా. ఎత్తు చదివినవ్, రంగు చదివినవ్. వాళ్లల్ల ఎంతమంది ఇంటికివొయ్యి ఏడ్సిన్రో నీకెర్కనా? అప్పుడు లేని నీతి నా కొడుకు దగ్గరికి రాంగనే వచ్చిందా?"

కిటికీ ఊచకున్న ముడి కాస్త జారింది. చీర వదులైంది. గమ్ము పారింది. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు, ఇద్దరూ చెయ్యి చాచలేదు.

"ఆ మాట నిజం," అంది నీరజ చివరికి.

లోపలి గదికి పరదా ఉంది. దాని వెనక అప్పటిదాకా వినిపిస్తున్న అడుగు, ఒకటి గట్టిగా ఒకటి ఈడుస్తూ పడుతున్న అడుగు, ఆగిపోయింది. నీరజ ఆ పరదా వైపు తిరిగింది.

"రాజ్‌కిరణ్, నిన్ను అడగకుంట లేపిన. నాది తప్పు బిడ్డా. సంఘం చెప్పుమన్నదని చెప్తలేను."

పుట్టిన నాటి నుంచీ ఆమెను గుజరాతీ వరసలో మాసీ, అంటే పిన్నీ, అని పిలిచే పిల్లాడు. పరదా కదల్లేదు. మాసీ అన్న పిలుపూ రాలేదు.

"పో నీరజా," అంది సుమన. "మైకుల లేపినవ్. మైకులనే చెప్పు. రేపు మూడో వరసల కూసోని వింట."

*

ఇంటికొచ్చేసరికి రవీంద్ర వంతు వచ్చింది. సుమన కూడా అదే అడుగుతోందని తెలియగానే అతనికి గొంతు విచ్చుకుంది. పని సులువైందన్నాడు. స్నేహితురాలికీ చెప్పినట్టవుతుంది, సంఘానికీ చెప్పినట్టవుతుంది, ఉద్యోగం ఉంటుంది, ఒకే వోచరు మీద రెండు జమలు.

"సుమనకు చెప్త. ఆ పిలగానికి చెప్త," అంది నీరజ. "ఆ రెండు మాటలు సంఘం తన ఖాతాల వేసుకుంటది. వచ్చే ఏడు మళ్ల ఆడపిల్లల్ని నడిపిస్తది. టీచరమ్మే తప్పని ఒప్పుకున్నది అంటది."

ఉద్యోగం పోతే ఎలాగని రవీంద్ర అడిగాడు. పోతే పోయింది అంటుందేమోనని భయపడుతూ అడిగాడు.

ఆమె అలా అనలేదు. తనకంత ధైర్యం లేదంది. పొద్దున లేచి ఆ బడికి పోకపోతే ఏం చేస్తానో నిజంగా తెలియదంది. 'ళ' పలకలేక నాలుక మడతపెట్టి తిప్పలుపడే ఆ చిన్నపిల్లల మొహాలు గుర్తొస్తున్నాయంది. తర్వాత, భయమైతోంది కానీ భయంతో చెప్పిన క్షమాపణ సుమనకు పనికిరాదు కదా అంది.

చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఎల్లవ్వ చేట పక్కన పెట్టింది.

"నన్ను సూడ వచ్చినప్పుడు కాళ్లు తడిపి నడిపిచ్చిన్రు," అంది, పక్క గల్లీకి కూడా కలిపి. "అరికాలు అచ్చు సూసుడాయె. నడుమ ఒర్రె లెక్క సందు వడ్తే మంచిదట, సాపు వడ్తే కీడట. నాది మంచిగనే వడ్డది. మీ మామను మాత్రం ఎవ్వలు ఏం సూడలే. పెండ్లైన మూన్నెల్లకు ఎర్కైంది, ఆయినకు ఒక చెవు ఇనవడదని."

రవీంద్ర ఉలిక్కిపడ్డాడు. తండ్రికి చెవుడని అతనికి తెలుసు. అది పెళ్లినాటి చెవుడని తెలియదు.

"మరి నేను గిట్ల గట్టిగ ఒర్రుడు యాడ నేర్సిన అనుకున్నవ్‌రా? పుట్టంగ నేర్సిననా?" ఎల్లవ్వ మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. "ఆ పిలగాన్ని అడగకుంట లేపుడు తప్పే. నువ్వు చెప్పాలె కోడలా. కానీ నడుసుడు తప్పంటే, నా తడికాళ్లకు గూడ ఎవలన్న చెప్పాలె."

నీరజ వచ్చి చేట ముందు కూర్చుంది. అటు సుమన తిట్టిన తిట్టు, ఇటు అత్త ఒలిచిన మాట, రెండు చివరలూ ఎక్కడో కలుస్తున్నాయి.

"చిక్కుడుకాయలు ఒలుస్తవా లేదా?" అంది ఎల్లవ్వ.

*

ఆదివారం హాలు నిండింది. మామూలుగా సర్వసభ్య సమావేశానికి సర్వులూ రారు, సభ్యులూ రారు. ఆరోజు ఇద్దరూ వచ్చారు. ఎడమ పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు, మధ్యలో నడవడానికి దారి. అదే స్టేజీ, అదే మైకు.

మూడో వరసలో సుమన. పక్కన ఆ గల్లీ పెద్దమనిషి వెంకటవ్వ. మగవాళ్ల వైపు రాజ్‌కిరణ్ కూడా వచ్చాడు. ఎప్పటిలాగే అందరికన్నా ముందొచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ధర్మారావు మైకు ముందు నిలబడి, శ్రీమతి నీరజ గారు మరికొద్ది క్షణాల్లో వేదిక మీదికి వస్తున్నారని ప్రకటించాడు. నీరజ వచ్చింది. వేళకే వచ్చింది.

"నాకు రెండు మాటలు ఇచ్చారు," అంది. "మొదటిది. పోయిన ఆదివారం ఈ స్టేజీ మీద ఒక అబ్బాయిని అడగకుండా లేపి నడిపించాను. అది నా తప్పు. అతనికీ అతని తల్లికీ క్షమాపణ చెప్తున్నాను."

చప్పట్లు మొదలయ్యాయి. రాజనర్సు అందరికన్నా గట్టిగా కొట్టాడు. ధర్మారావు మైకు కోసం చెయ్యి చాచాడు.

"రెండో మాట ఉంది సార్."

చాచిన చెయ్యి గాలిలోనే ఆగింది.

"ఆరేళ్లుగా ఇదే స్టేజీ మీద ఆడపిల్లల్ని కూడా నేనే నడిపించాను. వాళ్లనూ అడగలేదు. వాళ్లందరికీ క్షమాపణ చెప్తున్నాను. మగపిల్లాణ్ని ఒక్కసారి నడిపిస్తే తప్పయింది. ఆడపిల్లల్ని ఏటా నడిపిస్తే ఒప్పెలా అయింది? ఇక ఈ వేదిక మీద పెళ్లి కోసం ఎవరినీ నడిపించి చూడబోమని అధ్యక్షులు చెప్తే నా క్షమాపణ పూర్తయినట్టు. చెప్పకపోతే నేను చెప్పింది సగమే. మిగతా సగం సంఘం చెప్పాలి."

ఇంత నింపాదిగా ఆ హాల్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడలేదు. ఉద్యోగం నిలబెట్టుకోవడానికి ఇచ్చిన మైకు అది. ఆ మైకులోనే ఆమె ఉద్యోగాన్ని పక్కకు పెట్టింది.

మగవాళ్ల వైపు గోల లేచింది. ఆడవాళ్ల వైపు గోల లేవలేదు, అదే వింత. కొందరు పెద్దామెలు తమ పాదాలకేసి చూసుకుంటున్నారు.

ధర్మారావు, రాజనర్సు తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. ధర్మారావు మైకు అందుకుని, ఈ విషయం ఎజెండాలో లేదన్నాడు. సోమవారం నుంచి నీరజ గారు బడికి రానవసరం లేదని కమిటీ తరఫున తెలియజేస్తున్నానన్నాడు. తర్వాత పాత అలవాటు నాలుక మీదికి వచ్చి, "చింతిస్తున్నాము" అనేశాడు. దేనికి చింతిస్తున్నదీ ఆయనకే అంతుపట్టక మైకును కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

నీరజ స్టేజీ దిగింది.

స్టేజీ నుంచి గుమ్మం దాకా మధ్యదారి అంత పొడుగుంటుందని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు. ఆడపిల్లల నడక చూసిన కళ్లన్నీ ఇప్పుడు ఆమె నడక చూస్తున్నాయి. 'వాళ్లు' గ్రూపులోవాళ్లు ఇద్దరు ముగ్గురు మొహం తిప్పుకున్నారు. ఆమె తిప్పుకోలేదు. గుమ్మం బయట చెప్పుల కుప్పలో రవీంద్ర వంగి వెతుకుతున్నాడు. అతనికెవరూ చెప్పలేదు, అందరికన్నా ముందే వెళ్లాడు. భార్య చెప్పులు దొరికాయి. రెండు చేతులా పట్టుకుని, సంఘమంతా చూస్తుండగా నిలబడ్డాడు.

అప్పుడు వెనక ఒక అడుగు వినిపించింది.

ఒకటి గట్టిగా, ఒకటి ఈడుస్తూ.

నీరజ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ అడుగు ఆగిపోతుందేమోనని భయపడింది. నడక కాస్త నెమ్మది చేసింది, అంతే. రాజ్‌కిరణ్‌ను ఈసారి ఎవరూ పిలవలేదు, ఎవరూ లేపలేదు. కుర్చీ చేతులు పట్టుకుని తానే లేచి, మగవాళ్ల వరస దాటి, అందరూ చూసే మధ్యదారిలోకి వచ్చి, దాచని కాలుతో ఆమె వెనకే నడుస్తున్నాడు.

"మాసీ," అన్నాడు. "జర ఆగు. ధీరే చల్, మెల్లగ నడువు."

మూడో వరసలో కుర్చీ కదిలిన చప్పుడైంది. సుమన లేచి నిలబడింది. కొడుకును ఆపడానికి లేచిందో, కొడుకుతో నడవడానికి లేచిందో పక్కనున్న వెంకటవ్వకు కూడా తెలియలేదు. ఎందుకైనా మంచిదని ఆమె సుమన కొంగు చివర గట్టిగా పట్టుకుంది.

"కూసో," అంది వెంకటవ్వ.

సుమన కూర్చోలేదు. విడిపించుకోనూ లేదు. గుమ్మం వైపు పోతున్న ఆ రెండు నడకల్నీ చూస్తూ నిలబడింది. కొంగు మాత్రం, రాళ్లు అంటించడానికి సాగదీసిన చీరలా, రెండు చివరల మధ్య బిగుసుకుంది.